పొల్లు పోయిన వెండి డాలర్

గదిలో ఎవరున్నారు, ఏమున్నాయి

మనుషులు ఆరుగురు: వెండి నాణేలు చేయించుకుంటున్న వర్తక సంఘం అధ్యక్షుడు, ఆ సంఘం కార్యదర్శి, చిత్రలేఖనం చెప్పే ఒక టీచరు, బ్యాంకులో రిటైరై నాణేలు సేకరించే ఒక పెద్దమనిషి, మా ప్రొడక్షన్ మేనేజర్ మిస్టర్ తాన్, నేను.

వస్తువులు: నీలం గుడ్డ పరిచిన ట్రేలో ఐదు నమూనా నాణేలు, పది రెట్లు పెంచి చూపే భూతద్దాలు రెండు, తెల్ల నూలు చేతితొడుగులు ఆరు జతలు, పళ్లెం నిండా కర్రీ పఫ్‌లు, స్ట్రా గుచ్చి ప్లాస్టిక్ సంచుల్లో కట్టి తెచ్చిన కాఫీలు ఆరు, కార్యదర్శి ల్యాప్‌టాప్ ఒకటి.

నాణెం మీద భాషలు: నాలుగు. అందులో నాలుగోది చదవగలిగినవాళ్లు ఆ గదిలో: ఎవరూ లేరు.

సింగపూర్‌లో, వుడ్‌ల్యాండ్స్‌లోని ఒక ఫ్యాక్టరీ భవనంలో, రెండో అంతస్తులో జరిగింది ఇది. మాది నాణేలు, పతకాలు ముద్రించే ప్రైవేటు కంపెనీ. సంఘం వాళ్లు అడిగినది పేరుకే డాలర్. సర్కారు నాణెం కాదు, దాంతో బజారులో ఏమీ కొనలేరు. సభ్యులకీ విదేశీ అతిథులకీ పెట్టెలో పెట్టి ఇచ్చుకునే వెండి జ్ఞాపిక. అయినా వాళ్లు పంపిన కాగితంలో మొదటి షరతు ఇది: ఈ దేశం ఎలాంటిదో ఒక్క చూపులో చెప్పాలి.

నేను ముప్పై ఒకటో ఏటే ఈ పని మానేశాను. కళ్లు బాగానే ఉన్నాయి, చేతులూ వణకడం లేదు. రిటైరవడానికి అది వయసు కాదంటారు. కాదు. కానీ నాణేల అచ్చుల పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు నా దగ్గరికొచ్చి ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, ఏ మెషీన్‌కి గిరాకీ ఉంది అని అడుగుతుంటారు. అవి మీకు ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. కోపంగానే రాస్తున్నాను. చల్లారాక రాద్దామని ఇన్నాళ్లు ఆగాను, చల్లారలేదు.

దేశాన్ని ఎంచుకున్న విధం

అవి ఐటీ ఉప్పెన రోజులు. నాతో టూల్ అండ్ డై డిప్లొమా చదివినవాళ్లలో సగం మంది లేతు మెషీన్ వదిలేసి జావా పట్టుకున్నారు. బిషాన్‌లో నేను అద్దెకుండే ఫ్లాట్‌లో మిగతా ముగ్గురూ ప్రోగ్రామర్లే. "నువ్వింకా ఇనుముతోనే కుస్తీ పడుతున్నావా గురూ?" అని ఎగతాళి చేసేవాళ్లు. మా కంపెనీకీ ఆ గాలి తగిలింది. మూడు కొలతల్లో చూసే కొత్త స్కానర్ కొన్నారు. దాన్ని నడపడానికే నన్ను తీసుకున్నారు.

ఎంపిక రోజు మొదటి నమూనా రేవు, క్రేన్లు. "షిప్పింగ్ కంపెనీ క్యాలెండర్‌లా ఉంది" అని అధ్యక్షుడు పక్కన పెట్టాడు. రెండోది ఆర్కిడ్ పువ్వు. "బిస్కెట్ డబ్బా మీద ఇదే, సబ్బు మీద ఇదే. నాణెం మీద కూడానా?" అంది టీచరు. మూడోది ద్వీపం ఆకారంలో సర్క్యూట్ బోర్డు. కార్యదర్శి దాన్ని వదల్లేదు.

"ఇదే ఫ్యూచర్, లా! అందరూ ఇప్పుడు దీని గురించే కదా మాట్లాడుతున్నారు?"

నాణేల పెద్దమనిషి భూతద్దం దించి, "పదేళ్లయ్యాక దీన్ని చూసినవాళ్లు ఏదో రేడియో పాడైందనుకుంటారు" అన్నాడు. అందరూ నవ్వారు. కార్యదర్శి కూడా నవ్వి కర్రీ పఫ్ తీసుకున్నాడు.

నాలుగోది ఒకదాన్నొకటి పట్టుకున్న నాలుగు చేతులు. "ఇన్సూరెన్స్ ప్రకటన" అన్నాడు తాన్. ఆయన మాట్లాడకూడదు, మేం తయారు చేసేవాళ్లం మాత్రమే. కానీ ఆగలేడు.

ఐదోది నాకూ నచ్చింది. మామూలు సర్కారు ఫ్లాట్ల భవనం, వంటింటి కిటికీల నుంచి బయటికి చాచిన వెదురు గడలు, వాటి మీద ఆరేసిన బట్టలు. చుట్టూ అంచున దేశం పేరు ఇంగ్లీషు, మలయ్, చైనీస్, తమిళం లిపుల్లో. మా కంపెనీకి నమూనాలు చేసే చిత్రకారిణి ఏ బట్టా మరో బట్టలా లేకుండా చెక్కింది.

"ఇదే" అన్నాడు అధ్యక్షుడు. "నాలుగు భాషలూ ఉన్నాయి. ఎవర్నీ వదల్లేదు. ఈ దేశమంటే ఇదే."

టీచరు తలూపింది. నాణేల పెద్దమనిషి ఇంగ్లీషు, మలయ్ చదివాడు. అధ్యక్షుడు చైనీస్ మూడు అక్షరాలూ వేలితో చూపిస్తూ చదివాడు. తర్వాత అందరూ నా వైపు తిరిగారు.

"తమిళ్ ఓకే ఆ?" అన్నాడు తాన్.

నాది ఒంగోలు దగ్గర ఊరు. తమిళం ఒక్క ముక్క చదవలేను. రైల్లో తలుపుల పక్కన హెచ్చరికలు రోజూ నాలుగు భాషల్లో చూస్తాను. నాలుగో వరస నాకు అల్లిక గుడ్డ మీది అంచులాంటిది. ఆ మాట చెప్పాలి. చెప్పలేదు. నేను స్కాన్ చేసిన ఫైలుకీ ఈ నమూనాకీ తేడా లేదని మాత్రం నాకు తెలుసు. అందుకని తల అటూ ఇటూ కాస్త ఏటవాలుగా ఊపాను. మన దగ్గర ఆ ఊపుకి అర్థం "విన్నాను, కానివ్వండి" అని. "అవును" కాదు, "కాదు" కూడా కాదు. బస్సులో టిక్కెట్టు తీసుకునేటప్పుడు కూడా ఊపుతాం.

కార్యదర్శి ల్యాప్‌టాప్‌లో టైపు చేశాడు. ఆ మీటింగ్ మినిట్స్ కాపీ తర్వాత నాకు వచ్చింది. అందులో ఇలా ఉంది: "తమిళ పాఠాన్ని భారతీయ ప్రతినిధి ధ్రువీకరించారు."

నన్ను ఎవరు ప్రతినిధిని చేశారు? ఎవరూ చేయలేదు. నేను కాదన్నానా? అనలేదు. కొత్తగా వచ్చేవాళ్లు ఇది రాసి పెట్టుకోండి: మీకు తెలియని దానికి మీ ముఖం చూసి ఎవరైనా హోదా ఇస్తే, అక్కడికక్కడే నోరు తెరిచి వద్దనండి. తల ఊపకండి. మన తల ఊపు మన ఊరు దాటితే సంతకంతో సమానం.

అచ్చు, అద్దం, మట్టిముద్ద

పని క్రమం ఇది. చిత్రకారిణి నాణెం కన్నా ఐదు రెట్లు పెద్దగా ప్లాస్టర్‌తో నమూనా చేస్తుంది. దాన్ని స్కాన్ చేస్తాం. ఫైలును కంప్యూటర్‌లో శుభ్రం చేస్తాం. మెషీన్ ఆ ఫైలును చూసి ఉక్కు మీద చెక్కుతుంది. అదే అచ్చు. నాణెం మీద ఉబ్బుగా ఉండాల్సింది అచ్చులో గుంటగా ఉంటుంది. అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. ఆ అచ్చు ముఖాన్ని వజ్రపు పొడితో అద్దంలా మెరిసేదాకా రుద్దాలి. ఎక్కువ రుద్దితే లోతు తక్కువున్న గుంటలు చెరిగిపోతాయి. తక్కువ రుద్దితే నాణెం మసకగా వస్తుంది.

ఆ రుద్దే పని నరసయ్య అంకుల్‌ది. అరవైకి దగ్గర పడ్డ మనిషి. ఆయన తాత ఇచ్ఛాపురం వైపు నుంచి మలయాలో రబ్బరు తోటకి వచ్చాడట. తండ్రి సింగపూర్ చేరాడు. అంకుల్ ఇక్కడే పుట్టాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, వీధిలో మలయ్. అందుకని ఆయన తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. నేను తెలుగు చదువుతాను, తమిళం రాదు.

"మనిద్దరం కలిస్తే ఒక్కడు చదువుకున్నోడు తంబీ" అనేవాడు.

అంకుల్‌కి ఒక పద్ధతి ఉండేది. ఏ అచ్చు అయినా రుద్దడం మొదలుపెట్టే ముందు పిల్లలు ఆడుకునే ప్లాస్టిసిన్ ముద్ద తీసుకుని దాని మీద ఒత్తేవాడు. ముద్ద మీద అక్షరాలు సరిగ్గా తిరిగి కనిపిస్తాయి. వాటిని చిత్రకారిణి ప్లాస్టర్ నమూనా పక్కన పెట్టి, పెదవులు కదుపుతూ చదివేవాడు. చదివాకే రుద్దేవాడు. ఒక్కో అచ్చుకి అరగంట పట్టేది.

ఆ అరగంటను తీసేయించింది నేను. అప్పటికి చేరి నాలుగు నెలలే. అచ్చును మళ్లీ స్కాన్ చేసి నా ఫైలుతో సరిపోల్చవచ్చని, తేడా ఎక్కడుంటే అక్కడ తెర మీద ఎర్రగా కనిపిస్తుందని తాన్‌కి చూపించాను. తాన్ ఉబ్బిపోయాడు. ప్లాస్టర్ నమూనా, మట్టిముద్ద రెండూ అంకుల్ బల్ల మీద నుంచి వెళ్లిపోయాయి.

"చదవకుండా రుద్దమంటావా?" అని అడిగాడు అంకుల్.

"కంప్యూటర్ చదువుతుంది అంకుల్" అన్నాను.

కంప్యూటర్ చదవదు. పోలుస్తుంది. ఈ రెండింటికీ తేడా తెలియకుండానే నా దగ్గర డిప్లొమా ఉంది, మొదటి తరగతిలో.

"పుళ్ళి ఎక్కడ తంబీ?"

ఐదో నమూనాకి అసలు అచ్చు తయారై అంకుల్ బల్ల మీదకి వెళ్లింది. ఎంపికకి చూపించిన నమూనాలు మెషీన్ మీద నేరుగా కోసిన తాత్కాలిక అచ్చులతో కొట్టినవి, వాటిని ఆయన చూడలేదు. ఇదే మొదటిసారి. మట్టిముద్ద లేకపోయినా తిరగబడ్డ తమిళం ఆయనకి కొత్త కాదు. టీ టైంలో నా గదిలోకి వచ్చాడు.

"ఏం తంబీ, మకాన్ అయిందా, తిన్నావా?"

"అయింది అంకుల్. చెప్పండి."

"ఆ తమిళంలో పుళ్ళి ఎక్కడ? మూడు ఉండాలి గదా, ఒక్కటీ లేదు."

పుళ్ళి అంటే ఏమిటో అడిగాను. అక్షరం నెత్తిన పెట్టే చుక్క అన్నాడు. తెలుగువాళ్లకి సులువుగా చెప్పాలంటే అది మన పొల్లు. సింగపూర్ అన్న మాట చివర ర మీద మనం పెట్టేది. పేరు కూడా మన పొల్లే, పలకడమే వేరు. తమిళంలో ఆ ఊరి పేరుకి అలాంటివి మూడు. మూడూ తీసేస్తే హల్లులన్నీ విడివిడిగా విచ్చుకుని నోరు తిరగని ఏదో మాట అవుతుంది.

ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నది. ఆ రోజు నేనన్నది ఇది: "అంకుల్, ఫైలులో ఏముందో అచ్చులోనూ అదే ఉంది. ఎర్ర మచ్చ ఒక్కటీ రాలేదు. ఎంపిక వాళ్లు కూడా ఒప్పుకున్నారు."

"తమిళం తెలిసినోళ్లు చూసినారా?"

"చూశారు" అన్నాను.

చూసింది నేను. ఆ సంగతి చెప్పలేదు. అంకుల్ గుమ్మం వైపు తిరిగాడు.

"సరి సరి. మేం చదివింది పాత తమిళం. నడుమలో కొన్ని అక్షరాలు మార్చినారు. చుక్కలు కూడా తీసేసినారేమో, నాకేం తెలుసు. మీరు చదువుకున్నోళ్లు" అని వెళ్లిపోయాడు. వెళ్లి, అచ్చును అద్దంలా రుద్ది ఇచ్చాడు.

ఒక మనిషి చిన్నప్పుడు బడిలో దిద్దిన అక్షరాన్ని నా మొహం చూసి అనుమానించాడు. నేను చేసిన తప్పులన్నిట్లోకీ ఇదే పెద్దదని కొన్నాళ్లు అనుకున్నాను. తర్వాత ఇంకా పెద్దది చేశాను.

ఇది ఏ ఊరు?

నాణేలు కొట్టాం. సంఘం వాళ్లు విడుదలకి ముందు కొందరు అతిథులకి చూపించారు. అతిథుల్లో రిటైరైన ఒక తమిళ టీచరమ్మ ఉంది. నాణెం చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఇదు ఎన్న ఊరు?" అని అడిగిందట. ఇది ఏ ఊరు అని. ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడే ఇంగ్లీషులో విడమర్చి చెప్పింది.

శుక్రవారం మధ్యాహ్నం తాన్‌కి ఫోన్ వచ్చింది. ఆయన నా గదిలోకి వచ్చిన తీరు నాకింకా గుర్తుంది. చేతిలో నాణెం, దాని మీద లోపం ఉన్న సరుకుకి అంటించే ఎర్ర స్టిక్కరు.

"ప్రపంచమంతా డాట్ కామ్ అంటూ ఒక్క డాట్ కోసం ఎగబడుతోంది. మనం మూడు డాట్లు ఉత్తినే పారేశాం. అది ఎలా సాధ్యం, చెప్పు."

ఆయన వెళ్లాక ఫైలు తెరిచాను. ముందు ప్లాస్టర్ స్కాన్. చుక్కలు మూడూ ఉన్నాయి, గుండ్రంగా, పొందికగా. చిత్రకారిణి తప్పేమీ లేదు. తర్వాత శుభ్రం చేసిన ఫైలు. లేవు.

ప్లాస్టర్‌లో గాలి బుడగలుంటాయి. స్కానర్ వాటినీ పట్టుకుంటుంది. వాటిని ఒక్కొక్కటిగా తీయలేక నేను ఒక వడపోత పెట్టాను: ఇంత కొలత కన్నా చిన్న గుండ్రటి మచ్చ ఏది కనిపించినా తీసెయ్. ఇంగ్లీషు, మలయ్ రెండూ పెద్ద అక్షరాల్లో ఉన్నాయి, వాటికి చుక్కలుండవు. చైనీస్‌లో చుక్క కూడా గీతంత పొడవుంటుంది. వడపోతకి దొరికినవి తమిళం చుక్కలే. ఆ ఫైలుతోనే అచ్చు కోశాం, ఆ ఫైలుతోనే అచ్చును సరిపోల్చాం. తప్పును తప్పుతో పోల్చితే ఎర్ర మచ్చ ఎందుకు వస్తుంది?

అక్షరం పొల్లు పోకుండా అని మన వాళ్లు ఎందుకంటారో ఆ కుర్చీలో కూర్చుని తెలుసుకున్నాను.

పోయాయి, పోగొట్టాను

శనివారం సగం పూట పని. తాన్ ఒక పేజీ రిపోర్టు అడిగాడు. ఇంగ్లీషులో రాశాను. దాని అర్థం ఇదే: నమూనాకీ అచ్చుకీ మధ్య దశల్లో కొన్ని సూక్ష్మ వివరాలు పోయాయి.

పోయాయి. ఎవరు పోగొట్టారో ఆ వాక్యంలో లేదు. వాక్యంలో అబద్ధం లేదు. ఒక్కో మాట కొలిచి వేశాను. తాన్ నాకు నేర్పిందే అది, ఏం చెప్పినా కొలిచి చెప్పమని. మంచి పాఠమే. చెప్పకుండా వదిలేసేది కూడా కొలిచి వదలొచ్చని నేను సొంతంగా నేర్చుకున్నాను.

మధ్య దశల్లో మనుషులు ఇద్దరే, నేను, అంకుల్. తాన్ రిపోర్టు చదివి ఆ ఖాళీలో ఎవరు పడతారో చూసుకున్నాడు. చుక్కలు చిన్నవి, అచ్చులో లోతు తక్కువ, ముసలాయన ఎక్కువ రుద్దేశాడు. సంఘానికి ఇది బాగా అర్థమవుతుంది. కొత్త స్కానర్ తప్పు చేసిందంటే తర్వాతి ఆర్డర్లు ఏం కావాలి? తాన్ చెడ్డవాడేం కాదు. ఆకలితో ఉన్నవాడి పక్కన కూర్చుని తినలేని మనిషి. నాకు అందుకే ఇంకా మంట.

మంగళవారం అంకుల్‌ని పిలిచి, పనిలోంచి తీసేస్తూ ఉత్తరం ఇచ్చారు. నేను కిటికీలోంచి చూశాను. ఆయన తన సొంత రుద్దుడు పుల్లలు, వెదురువి, చొక్కా జేబులో పెట్టుకుని లిఫ్టు వైపు వెళ్లాడు. నా గది వైపు చూడలేదు. నేనూ బయటికి రాలేదు.

హౌగాంగ్‌లో

అంకుల్ ఇల్లు హౌగాంగ్‌లో. ఆ వారం ఆదివారం ఉదయమే బయల్దేరాను. బస్సులో నాలుగు స్టాపులు పోయాక దిగిపోయాను. మధ్యాహ్నం మళ్లీ ఎక్కాను.

తలుపు అంకులే తీశాడు. ఆంటీ వంటింట్లోంచి తొంగిచూసి, "ఎవరు? ఆ కంప్యూటర్ తంబియా?" అని లోపలికి వెళ్లిపోయింది. మామూలుగా అయితే కుర్చీ, నీళ్లు, తిన్నావా అనే ప్రశ్న, మూడూ ఒకేసారి వస్తాయి. ఆ రోజు నీళ్లు మాత్రం వచ్చాయి.

"అంకుల్, చుక్కలు మీరు రుద్దలేదు. నా ఫైలులోనే పోయాయి."

"పోయినాయా?" అన్నాడు.

"నేనే తీసేశాను."

"అట్ల చెప్పు." ఆయన కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. "నాకు తెలుసు తంబీ. రుద్దకముందే లేవని నీకు వచ్చి సొన్నాను గదా. నేను రుద్దితే చెరిగిన జాడ తెలుస్తాది. చేత్తో తడిమితే తెలుస్తాది. అక్కడ ఏమీ లేదు, నున్నగా ఉంది."

"తాన్‌కి చెప్పారా?"

"చెప్పినాను. 'అంకుల్, రిపోర్టు ఉంది' అన్నాడు. నీ రిపోర్టు."

నేను క్షమించమన్నాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"నీ మీద కోపం లేదంటాననుకుంటున్నావేమో. ఉంది. చాలా ఉంది. అది పక్కన పెట్టు. నాకు ఇప్పుడు కావలసింది వేరే."

ఆ కావలసింది ఇది. అదే హౌగాంగ్‌లో కప్పులు, పతకాలు చేసే చిన్న దుకాణం ఉంది. యజమానికి అంకుల్ పనితనం తెలుసు. రమ్మన్నాడు. కానీ పాత కంపెనీ ఉత్తరం చూపించమన్నాడు, పద్ధతి ప్రకారం. ఉత్తరంలో "పాలిషింగ్‌లో అజాగ్రత్త" అని ఉంది. రుద్దేవాడికి అది చూపిస్తే ఎవరు తీసుకుంటారు? ఆ ఒక్క మాట తీసేసి కొత్త ఉత్తరం తేగలిగితే, వచ్చే శనివారం దాకా ఆగుతానన్నాడట యజమాని.

"ఇంట్లో కూర్చుంటే నాకు పిచ్చెక్కుతాది" అన్నాడు. "ఈ చేతులకి ఇంకేమీ రాదు. నేను చెరిపినోడిని కాదని ఒక కాగితం. అంతే."

"రేపే మాట్లాడతాను అంకుల్."

వంటింట్లోంచి ఆంటీ గొంతు: "రేపంటే రేపే, లేక కంప్యూటర్ రేపా?"

సోమవారం తాన్ దగ్గరికి వెళ్లాను. వడపోత సంగతి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. తలుపు వేయమన్నాడు.

"నాకు అనుమానం ఉంది. కానీ చూడు, సంఘం ఒప్పుకుంది. మళ్లీ కొట్టి ఇస్తున్నాం. కథ అయిపోయింది. ఇప్పుడు తప్పు మెషీన్‌దంటే నీ పేరు రాయాలి. నువ్విక్కడ పనిచేయడానికి కావాల్సిన పాస్ రెన్యువల్ కాగితం ఇదిగో, నా టేబుల్ మీదే ఉంది. ఇంకా సంతకం పెట్టలేదు." ఆ గొంతులో బెదిరింపు లేదు. నిజంగా నా మేలు కోరినట్టే ఉంది. "ముసలాయన రిటైరయ్యే వయసే కదా. నీకు ముప్పై కూడా లేవు. ఆలోచించుకో, కెన్? సరేనా?"

ఆలోచించుకున్నాను. ఇందులో ఆలోచించడానికి ఏముందని మీరు అడగాలి. అడగండి. ఏమీ లేదు. సోమవారం ఆలోచించాను, మంగళవారం ఆలోచించాను. మా ఫ్లాట్‌లో వాళ్లని సలహా అడిగాను. "పాస్ రానివ్వు, తర్వాత చెప్పు" అన్నారు ముగ్గురూ, అన్నం కలుపుకుంటూ. అది సలహా కాదు, నేను వినాలనుకున్న మాట. అందుకే అడిగాను. శనివారం వచ్చింది, పోయింది. ఆ రోజు దుకాణం యజమాని ఎన్ని గంటలదాకా ఎదురు చూశాడో నాకు తెలియదు.

కారణం అనే గడి

తర్వాతి బుధవారం కొత్త అచ్చు కోయాలి. వడపోత తీసేసి, ప్లాస్టర్ స్కాన్‌ని మళ్లీ తెచ్చుకుని, బుడగల్ని చేత్తో ఒక్కొక్కటిగా తీశాను. మూడు గంటలు పట్టింది. ప్లాస్టర్ నమూనా పక్కన పెట్టుకుని, మట్టిముద్ద మీద ఒత్తి చూశాను. చదవలేను కాబట్టి, కింద గోదాములో పనిచేసే తమిళాయన్ని పిలిచి చదివించాను. ఆయన గట్టిగా చదివాడు. దేశం పేరు వినిపించింది. ఆ చదివించడానికి పట్టింది ఒక్క నిమిషం. ఎంపిక రోజున ఆ మనిషి మా కిందే, ఒక అంతస్తు దిగితే ఉన్నాడు. నాలుగు భాషలూ ఉన్నాయి, ఎవర్నీ వదల్లేదని మురిసిపోయిన ఆరుగురిలో ఒక్కరికీ మెట్లు దిగాలనిపించలేదు. దేశాన్ని చూపించే నాణెం ఎంచుకోవడం గురించి నాకు తెలిసింది ఇంతే: ముందు ఆ దేశంలో ఎవరెవరున్నారో వాళ్లని గదిలోకి పిలవండి. బొమ్మ ఏదైనా ఫరవాలేదు.

అచ్చు మారిస్తే ఒక ఫారం నింపాలి. దాన్ని మేనేజర్ సంతకంతో సంఘానికి పంపాలి. అందులో "దిద్దుబాటుకి కారణం" అని ఒక గడి ఉంటుంది. నా దాకా వచ్చేసరికే దాంట్లో టైపు చేసి ఉంది: పాలిషర్ పొరపాటు, నరసయ్య. నేను సంతకం పెడితే చాలు.

ఇంతకు ముందు ఖాళీ వదిలాను. ఖాళీ వదలడం నాకు చేతనైంది. ఆయన పేరు కింద నా సంతకం పెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు. ధైర్యం వల్ల కాదు. ధైర్యమే ఉంటే మొదటి శనివారమే ఉండేది. ఆ మాట కొట్టేసి రాశాను: స్కాన్ ఫైలులో చుక్కలను నేను తొలగించాను. తమిళం చదవడం రాకపోయినా వచ్చినట్టు తల ఊపాను. పాలిషర్ ముందే హెచ్చరించాడు, నేను వినలేదు. కింద నా పేరు, సంతకం.

తాన్ చదివాడు. చాలాసేపు చదివాడు.

"తల ఊపడం కూడా రాయాలా?"

"రాయాలి. మినిట్స్‌లో ఉంది."

ఆయన నన్ను తిట్టలేదు. సంతకం పెట్టాడు. ఎందుకు పెట్టాడో నాకు ఇప్పటికీ తెలియదు. అంకుల్‌కి కొత్త ఉత్తరం టైపు చేయించి, అజాగ్రత్త అన్న మాట తీయించి, దాని మీదా సంతకం పెట్టి నా చేతికిచ్చాడు. నా పాస్ కాగితం మీద కూడా ఆ తర్వాత పెట్టాడు. ఇన్నాళ్లు నేను భయపడింది దేనికో, అది జరగనే లేదు. ఇంకో రెండేళ్లు అక్కడే పనిచేశాను. అచ్చు చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ కోపం వచ్చేది. చివరికి మానేశాను.

ఆ సాయంత్రమే హౌగాంగ్ వెళ్లాను. అంకుల్ కళ్లజోడు పెట్టుకుని ఉత్తరం రెండుసార్లు చదివాడు, వేలు కింద పెట్టి, పెదవులు కదుపుతూ.

"లెటర్ బాగుంది తంబీ" అన్నాడు. "ఎవరికి చూపించాలి?"

దుకాణంలో సోమవారమే వేరే మనిషి చేరాడు. ఉన్న బల్ల ఒక్కటే.

ఫైలు తెరిచి తప్పు నాదేనని చూసిన రోజు నుంచి, ఆ మాట నా సంతకంతో రాసిన రోజు వరకు: పంతొమ్మిది రోజులు.